చీమంటే పడని మనిషి

కట్లాయనకు చీమంటే పడదు. చీమ కాదు, చీము. రెండింటికీ వెనక 'అంటే' చేరిస్తే ఒకే మాటయి కూర్చుంటుంది కాబట్టి ముందే చెప్పుకోవడం మంచిది. చీమల మీద ఆయనకు ఏ పగా లేదు. పుండులో పచ్చగా ఊరి, కట్టును తడిపి, వాసన కొట్టే చీమును చూస్తేనే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆయన పని కట్లు కట్టడం. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ల వార్డు దాటాక, వరండా మలుపులో ఆయన గది. ఒక ఎత్తయిన ఇనుప మంచం, చక్రాల బల్ల, ఉడికించిన గుడ్డలు పెట్టుకునే గుండ్రటి డబ్బాలు, కత్తెరలు, పట్టకార్లు, మూల కుళాయి, కుళాయి మీద సబ్బు. ఆ గదికి వచ్చేవాళ్ళెవరికీ ఆయన అసలు పేరు తెలియదు. "కట్లాయన దగ్గరికి పొండి" అని నర్సులు పంపిస్తారు, వాళ్ళు మూలుగుతూ వస్తారు. ఆయన పుండుకు అంటుకుపోయిన గుడ్డను ఉప్పునీళ్ళతో నానబెట్టి, మనిషిని ఏదో మాటల్లోకి దింపి, వాడు జవాబు వెతుక్కునే లోపల గుడ్డ ఊడదీస్తాడు. చెయ్యి అంతగా తిరిగింది. నోరు అంతకు రెండింతలు తిరిగింది.

"ఈ కట్టు ఎవరు తడిపారు? మురిక్కాలవలో గాని ఈదొచ్చావా?"

"లేదండీ, స్నానం చేస్తుంటే కాస్త..."

"కాస్తా? ఇదిగో చూడు, చీము పట్టించుకొచ్చావు. సిగ్గుగా లేదూ?"

పట్టపగలు దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు ఆ మనిషి తల దించుకునేవాడు. పుండు ఎవరికైనా పడుతుంది, చీము మాత్రం శుభ్రం తెలియనివాళ్ళకే పడుతుందని ఆయన సిద్ధాంతం. పుండులో చీము ఉందంటే ఎవరో ఒకరు తప్పు చేసినట్టే. ఆ ఎవరో తాను కాకూడదని ఆయన జీవితమంతా జాగ్రత్తపడ్డాడు.

ఈ పట్టింపు ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళి కాకముందు అదే వార్డులో నేల తుడిచే పనికి చేరాడు. అప్పటి పెద్ద సిస్టరు మహా గడుసు మనిషి. ఒకనాడు మనిషి చాలక ఈయన్ని పిలిచి పళ్ళెం పట్టుకోమంది. పళ్ళెం అంచు చొక్కాకు తగిలింది. ఆవిడ ఒక్క మాట అనకుండా పళ్ళెంలోవన్నీ పారబోసి మళ్ళీ ఉడికించుకురమ్మంది. తీసుకొచ్చాక మళ్ళీ తగిలింది. మళ్ళీ పారబోసింది. ఆ పూట ఈయనకు తిండి లేదు, ఆవిడకూ లేదు. ఆ రోజు నుంచీ ఆయన తన చేతుల్ని పరాయివాళ్ళ చేతుల్లా అనుమానంగా చూడటం మొదలుపెట్టాడు. మోచేతుల దాకా సబ్బు, గోళ్ళ సందుల్లో బ్రష్షు, వేళ్ళు పైకెత్తి ఆరబెట్టుకోవడం. ఇంట్లో కంచం ముందు కూర్చోబోయే ముందు కూడా ఇదే తంతు. "ఏమండీ, భోంచేస్తారా, ఆపరేషన్ చేస్తారా?" అని భార్య అడిగేది. ఆవిడ అడగని రోజు లేదు, ఆయన నవ్విన రోజూ లేదు.

ఒక్కతే కూతురు. చిన్నప్పుడు మోకాలు కొట్టుకుపోయినప్పుడల్లా నాన్న ముందు కాలు చాపుకుని కూర్చునేది. పుండు మానాక రాలిన పొక్కును కూడా దాచి, సాయంత్రం ఆయన రాగానే చూపించి మెప్పు పొందేది. నాన్న చూశాడంటే ఇంకెవరూ చూడక్కర్లేదన్నది ఆ పిల్లకు గట్టి నమ్మకం. పెళ్ళయి, పక్క వీధిలో మేడమీది వాటాలో కాపురం పెట్టి, స్కూలు యూనిఫారాలు కుట్టే చోట ఉద్యోగానికి చేరాక కూడా ఆ నమ్మకం సడలలేదు. అల్లుడు లారీ నడుపుతాడు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు కనుక ఇంట్లో ఏ తలనొప్పి వచ్చినా కబురు వచ్చేది మామగారికే.

కూతురికి మొదట ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు మాటలు వచ్చింది మొదలు ప్రశ్నలే. పొద్దున కళ్ళు తెరవడం ప్రశ్నతో, రాత్రి మూయడం ప్రశ్నతో. ప్రశ్నల పుట్ట అని అమ్మమ్మ పేరు పెడితే, నోరు తిరిగే వాళ్ళకి కూడా అంత పొడుగు పేరెందుకనిపించి చివరికి పుట్ట ఒక్కటే మిగిలింది. పుట్టకు ఆరో ఏడు నడుస్తుండగా తమ్ముడు పుట్టాడు. వాడిని అందరూ బుడ్డోడు అన్నారు.

బుడ్డోడికి బొడ్డు ఊడలేదు. కోసి ముడి వేసిన ఆ తొడిమ వారం పది రోజుల్లో ఎండి రాలిపోవాలి. నెల దాటినా వేలాడుతూనే ఉంది.

"పుట్టకు వారంలోనే ఊడిందండీ," అంది భార్య.

"దానికి తొందరెక్కువ. వీడు నెమ్మదస్తుడు," అన్నాడాయన. తరవాత బొడ్డు చుట్టూ ఎర్రబడింది. ఆయన రోజూ డ్యూటీ దిగి నేరుగా కూతురింటికి వచ్చి, చేతులు కడుక్కుని, తుడిచి, చిన్న గుడ్డముక్క వేసి వెళ్ళేవాడు. ఎట్టకేలకు బొడ్డు ఊడింది. అమ్మయ్య అనుకునేలోపల తొడ మడతలో పుండు లేచింది. మొదట చొక్కా గుండీ అంత. తరవాత రెండు గుండీలంత. అంచులు నీలంగా, మధ్య నల్లగా, అదోలా పొడిగా ఉండేది.

అందులో చీము లేదు. ఆయన రోజూ వెలుతురు కిందికి పట్టుకుని చూసేవాడు. చుట్టూ వేలితో నొక్కి చూసేవాడు. చుక్క రాలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన పుండును చూడలేదని ఆయనకు లోలోపల గర్వం మొదలైంది. గర్వం లోపలే ఉంటే ఆయన కట్లాయన ఎందుకవుతాడు? వార్డులో నర్సుల ముందు పెట్టేశాడు.

"మా మనవడి పుండు వచ్చి చూడండి. చీము చుక్క కనిపిస్తే నా పేరు మార్చుకుంటా."

"మీ పేరు ఎవరికి తెలుసని మార్చుకోడానికి?" అంది ఒక నర్సు. గదంతా నవ్వింది, ఆయనా నవ్వాడు.

కూతురు మాత్రం నవ్వడం మానేసింది. "నాన్నా, పుండు పెద్దదవుతోంది. పాలు కూడా సరిగ్గా తాగట్లేదు. డాక్టరుకు చూపిద్దామా?"

"డాక్టరు చూసి ఎవరి దగ్గరికి పంపుతాడు? నా దగ్గరికేగా!"

"అది కాదు నాన్నా..."

"చీముందా? లేదు. చీము లేని పుండు మానకుండా ఎక్కడికి పోతుందమ్మా? కాస్త ఓపిక పట్టు."

మోకాలి పొక్కులు దాచుకున్న పిల్ల ఇంకా కూతురిలో ఎక్కడో కూర్చుని ఉంది కాబోలు. ఓపిక పట్టింది. ఆమె ఓపిక పట్టిన రోజులన్నీ పుండుకు కలిసొచ్చాయి.

ఒక ఉదయం బుడ్డోడి ఒళ్ళు పెనంలా కాలింది. ఏడుపు కూడా నీరసంగా, పిల్లి కూన అరిచినట్టు వస్తోంది. ఈసారి కూతురు ఎవరినీ అడగలేదు. బిడ్డను భుజాన వేసుకుని ఆటో ఎక్కేసింది. కట్లాయన తన గదిలో ఎవరి కాలికో కట్టు కడుతుండగా కబురు తెలిసి, కట్టు సగంలో వదిలేసి పరుగెత్తాడు. సగం కట్టుతో మనిషిని వదిలేయడం ఆయన జీవితంలో అదే మొదలు.

రక్తం పరీక్ష చేశారు. తెల్లకణాలు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. పిల్లల డాక్టరు గొంతు తగ్గించి రక్తం క్యాన్సరేమో అన్నాడు. ఆ మాట విన్న కూతురు గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. బిడ్డను పై అంతస్తులో రక్తం జబ్బుల వార్డుకు మార్చారు.

అక్కడి డాక్టరమ్మ పొట్టి మనిషి. చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి, కాగితాలు చూడకముందే కట్టు విప్పింది. విప్పి చాలాసేపు పుండునే చూసింది.

"కట్టు ఎవరు కడుతున్నారు?"

"నేనేనమ్మా. ఇక్కడి డ్రెస్సర్ని," అన్నాడు కట్లాయన.

"బాగా కట్టారు. ఇన్నాళ్ళలో చీము ఎప్పుడైనా చూశారా?"

గాభరాలో ఉన్నా ఆ ప్రశ్న వినగానే ఆయన నడుం తనంతట తనే నిటారయింది. "నా చేతి కింద చీమా? ఒక్క చుక్క లేదమ్మా. మొదట్నుంచీ లేదు."

మెచ్చుకుంటుందనుకున్నాడు. ఆవిడ మొహం చిన్నబోయింది.

"బొడ్డు ఆలస్యంగా ఊడిందా?"

"అవునండీ, నెల దాటింది," అంది కూతురు. "మీకెలా తెలుసు?"

డాక్టరమ్మ మరోసారి రక్తం తీయించి, వేరే పరీక్షకు పంపింది. ఆ ఫలితం వచ్చాక తండ్రినీ కూతురినీ వరండాలోకి పిలిచింది. పొడుగాటి వరండా అది. రెండు వైపులా వార్డుల తలుపులు, మధ్యలో స్ట్రెచర్లు, మనుషులు, హడావిడి.

"క్యాన్సర్ కాదు," అంది ముందుగా. కూతురు చేతులు జోడించబోయింది. "ఆగమ్మా, పూర్తిగా విను. రక్తనాళం అంటే ఈ వరండా అనుకోండి. రక్తకణాలన్నీ ఇందులోనే పరుగెత్తుతుంటాయి. ఎర్రకణాల పని లోపలే, వాటికి బయట పనిలేదు. తెల్లకణాలకు అలా కుదరదు. ఏదో ఒక వార్డులో ఆపద వస్తుంది, అంటే చర్మం కింద ఎక్కడో క్రిములు చేరతాయి. అక్కణ్ణించి కబురు వస్తుంది. ఆ కబురుకు నాళం లోపలి గోడ అక్కడ కాస్త గరుకుగా, అంటుకునేట్టు అవుతుంది. పరుగులో ఉన్న తెల్లకణం ఆ గోడకు తగులుతుంది. దొర్లుతుంది. దొర్లుతూ దొర్లుతూ నెమ్మదిస్తుంది. ఆ తరవాత గోడను గట్టిగా పట్టుకుని ఆగిపోతుంది."

"ఆగి?" అంది కూతురు.

"గోడ అంటే ఇటుక గోడ కాదు కదా, పలచటి కణాలు పక్కపక్కన అతుక్కుని ఉంటాయి. రెండింటి నడుమ సందు వెతుక్కుంటుంది. ఒళ్ళు సన్నం చేసుకుని ఆ సందులోంచి అవతలికి దూరుతుంది. అక్కణ్ణించి మాంసంలో పాకుకుంటూ పుండు దగ్గరికి చేరుతుంది. క్రిముల్ని మింగుతుంది, మింగి అక్కడే చచ్చిపోతుంది. అలా చచ్చిన వాటి కుప్పే చీము."

కట్లాయన చూపు తన వేళ్ళ మీదికి వాలింది.

"వీడి తెల్లకణాలు గోడ మీద దొర్లుతాయి. ఆగలేవు. పట్టుకోడానికి ఉండాల్సిన కొక్కెం వాటికి పుట్టుకతోనే లేదు. ఎముకల్లో పుడుతున్నాయి, రక్తంలో పడుతున్నాయి, బయటికి దారి లేక నాళాల్లోనే తిరుగుతున్నాయి. అందుకే రక్తంలో అన్ని ఉన్నాయి. పుండులో మాత్రం ఒక్కటీ లేదు."

"అంటే చీము రాకపోవడం..." అన్నాడు కట్లాయన.

"చీము రాకపోవడమే జబ్బండీ. కణానికి పట్టు దొరికితేనే పుండుకు చీము పట్టేది." ఆవిడ కూతురి వైపు తిరిగింది. "కొంచెం ముందే తీసుకురావాల్సిందమ్మా."

మామూలుగా అన్న మాటే అది. నిందగా కూడా అనలేదు. చెప్పాల్సింది చెప్పి, చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం వరండాలో తండ్రీ కూతుళ్ళ మధ్య ఉండిపోయింది.

కట్లాయన కూతురి భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె పక్కకు జరిగింది.

"వద్దు నాన్నా. ఇంక వాడి జోలికి రాకు."

"అమ్మా, నేను..."

"వాడి పుండుకు కట్టు కట్టి, నా కళ్ళకు గంతలు కట్టావు. అడుగుతూనే ఉన్నాను కదా నాన్నా. ఎన్నిసార్లు అడిగాను?"

ఎందరినో నోటితో నిలబెట్టి కడిగేసిన మనిషి మెట్లు దిగి, తన గదికి కూడా వెళ్ళకుండా, ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. తన చేతుల వల్ల బిడ్డకు ముప్పు వచ్చిందని కాదు ఆయన బాధ. తన చేతులు చేసిందేమీ లేదని బాధ. చీము రాకపోవడంలో సబ్బు గొప్పా లేదు, ఉడికించిన గుడ్డల గొప్పా లేదు. బిడ్డ ఒంట్లో లేనిదాన్ని చూసి, అది తన పనితనమని ఊరంతా చెప్పుకున్నాడు. తలుచుకుంటే సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. పుట్ట ఇక్కడే అమ్మమ్మ దగ్గర ఉంది కాబట్టి ఇంట్లో ప్రశ్నలకు లోటు లేదు. "తాతా, ఎందుకు మాట్లాడవు? తాతా, నీకూ జ్వరమా?" అని పిల్ల చెవిలో జోరీగలా తిరుగుతుంటే ఆయన కిటికీలోకి చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజుకు భార్యకు ఒళ్ళు మండింది.

"కూతురు ఒక మాటంటే మొహం చాటేసి ఇంట్లో కూర్చుంటారా? అది ఒక్కతే ఆసుపత్రిలో చస్తోంది అక్కడ. చీమూ నెత్తురూ ఉన్న మనిషేనా మీరు?"

అనేసి, తన నోట్లోంచి వచ్చిన మాట తనకే తగిలినట్టు ఆవిడ ఆగిపోయింది. ఆయన తల తిప్పి భార్యను చూశాడు.

చీమూ నెత్తురూ. చిన్నప్పట్నుంచీ ఎన్నిసార్లు విన్నాడో, తానే ఎంతమందిని అన్నాడో. పౌరుషం లేనివాడిని తిట్టే మాట అది. అందులో నెత్తురు ఎందుకుందో ఎవరికైనా తెలుస్తుంది. చీము ఎందుకుందని ఆయన ఒక్కనాడూ ఆలోచించలేదు. అదీ నెత్తురు కంటే ముందు ఉంది. నెత్తురు ఉన్నంత మాత్రాన చాలదు, చీము కూడా ఉండాలని ఈ మాట పుట్టించినవాళ్ళెవరో ముందే అనేసి పోయారు. బుడ్డోడికి నెత్తురుంది. తనకు నచ్చని ఆ మొదటిదే లేదు.

"లేచి వెళ్ళండి," అంది భార్య, ఈసారి మెల్లగా.

లేచి వెళ్ళాడు. కూతురు చెప్పిన మాట దాటలేదు. బిడ్డ గదిలోకి అడుగు పెట్టలేదు. గది బయట చేతులు కడుక్కునే కుళాయి ఉంది. దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. లోపలికి వెళ్ళే ప్రతి మనిషినీ ఆపి, తన ఎదుట మోచేతుల దాకా కడిగించి పంపడం మొదలుపెట్టాడు. బయటి క్రిమి ఒక్కటి లోపలికి పోతే దాన్ని ఎదుర్కొనేవాడు ఆ బిడ్డ ఒంట్లో లేడు కదా. భోజనం తెచ్చే ఆయాను ఆపాడు, తుడిచే మనిషిని ఆపాడు, లారీ దిగి పరుగున వచ్చిన అల్లుణ్ణి రెండుసార్లు కడిగించాడు. ఒకసారి డాక్టరమ్మనే ఆపి, "గోళ్ళమ్మా, గోళ్ళు" అన్నాడు. ఆవిడ మారుమాట్లాడకుండా మళ్ళీ కడుక్కుంది. కూతురూ వచ్చేది, కడుక్కునేది, తండ్రి మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయేది. ఆయనకు అదే చాలు. కాదు, చాలలేదు. కానీ అంతకంటే అడిగే మొహం లేదు.

మందులతో జ్వరం దిగింది. పుండు మాత్రం మానలేదు. మందులతో కొన్నాళ్ళు నెట్టుకురాగలమని, పూర్తిగా బాగుపడాలంటే వేరేవాళ్ళ ఎముకల మజ్జ వీడికి ఎక్కించాలని డాక్టరమ్మ చెప్పింది. తెల్లకణాలు పుట్టేది ఆ మజ్జలోనే. కొక్కెం ఉన్న కణాలు పుట్టే మజ్జ కావాలి, అదీ వీడికి సరిపడాలి. అందరి రక్తం చూశారు. సరిపోయింది పుట్టది.

పిల్లకు మత్తిచ్చి, నడుం ఎముకలో సూదులు గుచ్చి మజ్జ తీస్తారు. ఇది ఎవరు చెప్పాలి? అల్లుడు వల్లకాదన్నాడు. అమ్మమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. చివరికి తాత మీదే పడింది. పుట్టను వంటింట్లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు.

"తమ్ముడికి చీము రావట్లేదమ్మా. నీ దగ్గర కొంచెం తీసుకుని..."

"చీమలా?" అంది పుట్ట. "నా దగ్గర చీమలు లేవు తాతా."

"చీమ కాదు. చీము."

"నువ్వు చీమంటే నాకు పడదు అంటావుగా ఎప్పుడూ? మరి తమ్ముడికెందుకు?"

ఇదేం పిల్లరా దేవుడా అనుకున్నాడు. అంతలో గోడ వైపు చూశాడు. చక్కెర డబ్బా పెట్టే అలమార కింద, పలకల మీదుగా నిజంగానే చీమలు పోతున్నాయి. పిల్లను ఎత్తి ముక్కు గోడకు ఆనేంత దగ్గరగా పట్టుకున్నాడు.

"చూడు. అన్నీ పరుగెత్తుతున్నాయా? ఇక్కడికి రాగానే ఏమైంది?"

"నెమ్మదిగా నడుస్తున్నాయి."

"చక్కెర వాసన తగిలింది కాబట్టి. ఇప్పుడు?"

"ఆగింది. ఒకటి ఆగింది. తాతా, అది సందులోకి దూరింది! పలకకీ పలకకీ మధ్యలో!"

"గోడ మీద కాళ్ళకు పట్టు దొరికింది కాబట్టి ఆగింది, ఆగింది కాబట్టి సందు కనిపించింది. తమ్ముడి నెత్తుర్లో కూడా ఇలాంటివే ఉన్నాయి. కంటికి కనిపించవు, తెల్లగా ఉంటాయి. పాపం, వాటి కాళ్ళకు పట్టు లేదు. జారి పడిపోతున్నాయి. గోడ అవతల పుండు ఉందని తెలుసు, పోలేకపోతున్నాయి."

పుట్ట వేలితో గోడను తడిమింది. "నావి జారవా?"

"నీవి జారవు."

"అయితే నావి ఇచ్చేస్తే నాకు?"

"నీకు మళ్ళీ పుడతాయి. నీ పేరే పుట్ట కదే."

ఆ మాటకు పిల్ల కిలకిలా నవ్వింది. తరవాత సూది ఎంత పొడుగుంటుందని అడిగింది. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ రాత్రి పిల్ల నిద్రపోయాక, చిన్న మనిషిని మాటలతో ఒప్పించినందుకు ఆయన భార్య పక్కన కూర్చుని ఏడ్చాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

పుట్ట ధైర్యంగానే వెళ్ళింది. మత్తు వదిలాక నడుం నొప్పని రెండు రోజులు రాగాలు తీసి, ఐస్‌క్రీం పేరు చెప్పి తండ్రిని పీల్చి పిప్పి చేసింది. బుడ్డోడి సంగతి అంత తేలిగ్గా తేలలేదు. వాడిని అద్దాల గదిలో ఉంచి, మజ్జనంతా మందులతో ఖాళీ చేసి, అక్కది ఎక్కించారు. జుట్టు రాలిపోయింది, నోరంతా పూసింది. ఆ వారాలన్నీ కట్లాయన కుళాయి దగ్గరే ఉన్నాడు. వార్డులో ఆయన గదికి వేరే మనిషిని వేశారు. తన చేతి పనికి ఇంకొకరు వచ్చారని తెలిసినా ఆయనకు ఏమీ అనిపించలేదు.

కొన్నాళ్ళకు రక్తంలో కొత్త తెల్లకణాలు కనిపించాయి. కొక్కెం ఉన్నవే. అల్లుడు సంతోషం పట్టలేక వరండాలో అందరికీ టీ తెప్పించాడు. బిడ్డను అద్దాల గదిలోంచి పక్కనున్న మామూలు గదిలోకి మార్చారు. డాక్టరమ్మ మాత్రం టీ కప్పు పట్టుకునే తేల్చి చెప్పింది.

"రక్తంలోకి వచ్చాయి. అది సగమే. నాళం గోడ దాటి పుండులోకి రావాలి. వస్తేనే వీడు మన వాడు. అంతవరకూ నేను మాటివ్వలేను."

మరి కొన్ని రోజులు గడిచాయి. పుండు అలాగే ఉంది, పొడిగా, నల్లగా. కూతురు లోపలికి వెళ్ళినప్పుడు ఒకలా ఉండేది, బయటికి వచ్చేటప్పుడు ఇంకోలా ఉండేది. ఆయన ఆమె మొహం చూసి పుండు సంగతి తెలుసుకోవడం నేర్చుకున్నాడు.

ఒక మధ్యాహ్నం తలుపు తెరుచుకుని కూతురు బయటికి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. కట్లాయన స్టూలు మీంచి లేచాడు.

"నాన్నా, లోపలికి రా."

ఆయన కుళాయి తిప్పాడు. మోచేతుల దాకా కడిగాడు, గోళ్ళ సందులు వదల్లేదు. కూతురు పక్కనే నిలబడి కంగారుగా చూస్తోంది కానీ తొందరపెట్టలేదు.

లోపల బుడ్డోడు మంచం మీద వెల్లకిలా పడుకుని గుప్పిళ్ళు ఆడిస్తున్నాడు. తొడ మీది కట్టు సగం విప్పి ఉంది.

"సిస్టరు విప్పుతుంటే ఇలా కనిపించింది. డాక్టరుగారి కోసం పరుగెత్తింది," అంది కూతురు. "అది మందు కారిందో, నీరో, ఏంటో నాకు తెలీట్లేదు నాన్నా. వీడికి ఎప్పుడూ చూళ్ళేదు కదా. నీకైతే తెలుస్తుంది. చెప్పు. అది చీమేనా?"

ఆయన మంచం మీదికి వంగాడు. విప్పిన గుడ్డ మీద పచ్చటి మరక ఉంది. మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా. పుండు అడుగున కూడా అదే రంగు ఊరుతోంది. చుట్టూ ఎర్రగా, వెచ్చగా ఉంది. ఆ వాసన తగిలితే ఇన్నేళ్ళూ మొహం పక్కకు తిప్పుకున్న మనిషి, ఈసారి కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చాడు.

"చీమేనమ్మా," అన్నాడు. "నిఖార్సయిన చీము. మన పుట్ట చీము."

కూతురు మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. డాక్టరమ్మ చెప్పుల టపటప వరండా ఆ చివర నుంచే వినిపించింది. వచ్చింది, గాజుపలక మీద ఒక చుక్క తీసుకుని వెళ్ళింది. మళ్ళీ వచ్చేసరికి ఆవిడ మొహమే చెప్పేసింది.

"నిండా తెల్లకణాలే. దాటి వచ్చాయి. ఇంక శుభ్రం చేసి కట్టేయండి."

నర్సు చక్రాల బల్ల తోసుకొచ్చింది. కట్లాయన అప్పటికే వెనక్కి జరిగి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చేతులు మాత్రం అలవాటుగా పైకెత్తి, దేనికీ తగలకుండా పట్టుకుని ఉన్నాడు. కూతురు కళ్ళు తుడుచుకుని లేచింది. బల్లను చూసింది, తండ్రిని చూసింది.

"సిస్టరు కడుతుందిలేమ్మా," అన్నాడాయన.

"నువ్వు చేతులు కడుక్కునే వచ్చావుగా నాన్నా," అంది కూతురు, బిడ్డ కాలు కదలకుండా పట్టుకుంటూ.